ఆగిన ప్రతిసారీ ఇంజన్ ఆగిపోతోందా? స్టార్ట్-స్టాప్‌ను మీ అదుపులోకి తెచ్చుకోండి

ఎదురుగా వచ్చే వాహనాలను దాటుకుని మలుపు తిరగాలి. వరుసగా వస్తున్న బళ్ల మధ్య చిన్న సందు దొరికింది. బ్రేకు మీద నుంచి కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కారు. కానీ రెండు క్షణాల ముందే ఇంజన్ తనంతట తాను ఆగిపోయి ఉంది. అది మళ్లీ అందుకుని, గేరు పట్టి, చక్రాలు కదిలేలోపు ఆ సందు సగానికి సగం మూసుకుపోయింది.

ఇది నాకు జరిగింది. ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరు ముందే గమనించి వేగం తగ్గించాడు కాబట్టి ఏమీ కాలేదు. ఆ అర సెకను నా మనసులో చాలా రోజులు ఉండిపోయింది. తర్వాత కారుతో వచ్చిన పుస్తకం తెరిచి, రోజూ వెళ్లే దారిలోనే ఒక్కో పద్ధతీ ప్రయత్నించి చూశాను. ఇంధనం ఆదా కోసం, కారు నిలిచినప్పుడు ఇంజన్‌ను తనే ఆపి, కదిలేటప్పుడు మళ్లీ లేపే ఏర్పాటే ఈ స్టార్ట్-స్టాప్. ఈ వ్యవస్థను పూర్తిగా తీసేయాల్సిన అవసరం చాలామందికి లేదని అప్పుడు తెలిసింది. ఇంజన్ ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో చాలావరకు మన పాదమే నిర్ణయించగలదు. పాదానికి లొంగనిచోట ఈ వ్యవస్థను ఆపే మీట ఉంది. వైర్ల జోలికి వెళ్లే ఆలోచన అన్నిటికన్నా చివర రావాలి. ఈ వరుసను దృష్టిలో పెట్టుకుని చదవండి.

ముందు మీ కారులో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి

డ్యాష్‌బోర్డు మీద ఇంగ్లిష్ అక్షరం ‘ఎ’, దాని చుట్టూ గుండ్రంగా తిరిగిన బాణం గుర్తు ఉంటే అదే స్టార్ట్-స్టాప్. కారు ఆగాక ఆ గుర్తు వెలిగితే ఇంజన్ తాత్కాలికంగా ఆగిందని అర్థం. అదే గుర్తు మీద అడ్డగీత పడినా, వేరే రంగులో వెలిగినా, ప్రస్తుతానికి ఇంజన్‌ను ఆపడానికి పరిస్థితులు అనుకూలంగా లేవని చెబుతోందన్నమాట. రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి పుస్తకంలో ఆ ఒక్క పేజీ తప్పకుండా చదవండి.

ఇంజన్ మళ్లీ ఎలా అందుకుంటుందన్నది ఇంకా ముఖ్యం. ఎక్కువ కార్లలో మామూలు స్టార్టర్ మోటారునే గట్టిపరిచి వాడతారు. చిన్న కుదుపు, కీచుమనే శబ్దం వచ్చేది వీటిలోనే. కొన్నిటిలో బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ స్థానంలో, బెల్టుతో ఇంజన్‌ను తిప్పే మోటారు ఉంటుంది. ఇంజన్‌కు చిన్న విద్యుత్ మోటారు సాయపడే 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్ కార్లలో సాధారణంగా కనిపించేది ఇదే. ఇంజన్ ఎప్పుడు ఆగిందో, ఎప్పుడు లేచిందో తెలియనంత మెత్తగా ఇది పని చేస్తుంది. మాజ్దా కంపెనీ 2009లో ఇంకో దారి పట్టింది. ఇంజన్ ఆగేటప్పుడే పిస్టన్లను తగిన చోట నిలబెట్టి, తిరిగి కదిలించేటప్పుడు సిలిండర్‌లోకి నేరుగా ఇంధనం చిమ్మి మండిస్తుంది. ఈ పద్ధతిలో ఇంజన్ సుమారు 0.35 సెకన్లలో లేస్తుందని కంపెనీ చెప్పింది. విద్యుత్తుతోనే కదలగల పూర్తి హైబ్రిడ్ కార్లలో ఈ చిక్కే రాదు. ఇంజన్ లేవకముందే మోటారు కారును ముందుకు నడిపిస్తుంది.

మీ కారు మొదటి రకమైతే కింద చెప్పేవన్నీ మీకు పనికొస్తాయి. రెండో రకమైతే సగం సమస్య ముందే తీరినట్టు.

ఒక వారం పాటు గమనించండి

ఒకే సిగ్నల్ దగ్గర నిన్న ఆగిన ఇంజన్ ఈ రోజు ఆగదు. డ్రైవర్లను ఎక్కువగా విసిగించేది ఈ నిలకడలేనితనమే అని నా అభిప్రాయం. కానీ దాని వెనక లెక్క ఉంది. ఇంజన్‌ను ఆపడానికి ముందు కారు చాలా విషయాలు చూసుకుంటుంది: ఇంజన్ తగినంత వేడెక్కిందా, బ్యాటరీలో మళ్లీ స్టార్ట్ చేయగల సత్తువ ఉందా, ఏసీ మీద ఎంత భారం ఉంది, డ్రైవరు సీటు బెల్టు పెట్టుకున్నాడా, తలుపు, బానెట్ మూసి ఉన్నాయా, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ సరిపోతుందా, రోడ్డు మరీ ఏటవాలుగా ఉందా, స్టీరింగ్ బాగా తిప్పి ఉందా. వీటిలో ఒక్కటి కుదరకపోయినా ఇంజన్ ఆగదు. ఆగిన తర్వాత వీటిలో ఏదైనా మారితే, మీరు కాలు కదపకపోయినా దానంతట అదే లేస్తుంది. సిగ్నల్ ఇంకా పడకముందే ఇంజన్ ఉలిక్కిపడి లేచిందంటే కారణం చాలాసార్లు ఏసీ, లేదంటే బ్యాటరీ.

డీజిల్ కారులో ఇంకో కారణం కలుస్తుంది. పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కారు అప్పుడప్పుడు కాల్చి శుభ్రం చేసుకుంటుంది. ఆ సమయంలో ఇంజన్‌ను ఆపనివ్వదు. ఇంజన్ వేగం కాస్త పెరిగి, ఫ్యాను గట్టిగా తిరుగుతుంటే ఆ పని జరుగుతోందని గుర్తించండి. ఇంటికి చేరువలో ఉన్నా మరికొంత దూరం నడిపి దాన్ని పూర్తి కానివ్వండి.

వారం రోజులు రాసుకోనక్కర్లేదు, గమనిస్తే చాలు. ఎక్కడ ఆగుతోంది, ఎంతసేపటికి లేస్తోంది, మీకు ఏ చోట ఇబ్బంది అవుతోంది. మూడు నాలుగు చోట్లే మిమ్మల్ని నిజంగా కష్టపెడుతున్నాయని తేలుతుంది. మిగతావి కేవలం చిరాకు. ఈ రెండిటికీ మందులు వేరు.

పాదంతో అదుపు చేయడం నేర్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే అడుగు ఇది. దీనికి ఖర్చు లేదు, పనిముట్లు అక్కర్లేదు. అయినా చాలామంది దీన్ని దాటేసి నేరుగా మీట దగ్గరకు వెళ్తారు.

ఆటోమేటిక్ గేరు కార్లలో చాలావాటికి బ్రేకు మీద పడే ఒత్తిడే సంకేతం. కారు పూర్తిగా నిలిచాక బ్రేకును గట్టిగా అదిమితే ఇంజన్ ఆగుతుంది. కారు కదలకుండా ఉండటానికి ఎంత అవసరమో అంతే తొక్కి పట్టుకుంటే ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. ఆ రెండిటి మధ్య గీత ఎక్కడ ఉందో కారు కారుకూ తేడా. మీ పాదానికి అది తెలియాలంటే సాధన చేయాలి. వాహనాలు తిరగని ఖాళీ స్థలానికి వెళ్లండి. ఇంజన్ బాగా వేడెక్కాక నెమ్మదిగా నడిపి, మెత్తగా బ్రేకు వేసి ఆపండి. ఇంజన్ ఆగలేదా? కాస్త ఒత్తిడి పెంచండి. ఏ దగ్గర ఆగిందో పాదంతో గుర్తుపెట్టుకోండి. ఇలా పది పదిహేను సార్లు చేస్తే పాదం నేర్చుకుంటుంది, తర్వాత ఆలోచించాల్సిన పని ఉండదు. చదునైన నేల మీద నేర్చుకున్న ఒత్తిడి ఏటవాలు మీద చాలదు. వాలులో కారు జారకుండా ఉండటమే ముఖ్యం, ఇంజన్ సంగతి తర్వాత.

అలవాటయ్యాక ఇది ఇలా పని చేస్తుంది. ఎర్ర దీపం పడి నిమిషానికి పైగా ఆగాలని తెలిస్తే గట్టిగా తొక్కండి, ఇంజన్ ఆగుతుంది. ముందున్న కారు రెండు క్షణాల్లో కదలబోతోందని కనిపిస్తే మెత్తగా పట్టుకోండి, నడుస్తూనే ఉంటుంది. సిగ్నల్ పచ్చగా మారడానికి కాస్త ముందే పాదం ఒత్తిడిని కొద్దిగా సడలించండి. కారు కదలదు కానీ ఇంజన్ లేచి సిద్ధంగా ఉంటుంది. ఈ చివరి అలవాటు ఒక్కటే ఆ అర సెకను ఆలస్యాన్ని దాదాపు మాయం చేస్తుంది. అడ్డంగా వెళ్లే రోడ్డుకు ఎర్ర దీపం పడటం, రోడ్డు దాటేవారి దీపం మారడం చూస్తూ ఉంటే ఎప్పుడు సడలించాలో తెలిసిపోతుంది.

మాన్యువల్ గేరు కారులో పద్ధతి ఇంకా సులువు. న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ వదిలితేనే ఇంజన్ ఆగుతుంది. క్లచ్ తొక్కి ఉంచినంతసేపూ ఆగదు. కాబట్టి రెండు మూడు సెకన్లు మాత్రమే ఆగేచోట క్లచ్ మీద కాలు ఉంచండి. ఎక్కువసేపు ఆగితే మాత్రం ఇలా చేయకండి. క్లచ్‌ను అదేపనిగా తొక్కి పట్టడం వల్ల దాని బేరింగ్ అరిగిపోతుంది. ఇంజన్ ఆగకుండా చూడాలని క్లచ్‌ను పాడుచేసుకోవడం తెలివైన బేరం కాదు. మళ్లీ కదలాలంటే క్లచ్ తొక్కగానే ఇంజన్ లేస్తుంది. అందువల్ల సిగ్నల్ మారేముందే క్లచ్ తొక్కి, మొదటి గేరు వేసి ఉంచుకోండి. ఈ వ్యవస్థ వల్ల మాన్యువల్ నడిపేవారికి ఒక మేలు కూడా ఉంది. చాలా కార్లలో క్లచ్ తొందరగా వదిలేసి బండి ఆగిపోతే, మళ్లీ క్లచ్ తొక్కితే చాలు, తాళం తిప్పకుండానే అందుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇది పెద్ద ధైర్యం.

కారు ఆగాక బ్రేకును తనే పట్టుకునే ఆటో హోల్డ్ సదుపాయం ఉంటే లెక్క మారుతుంది. అందులో బ్రేకు వదిలినా చాలా కార్లు ఇంజన్‌ను ఆపే ఉంచుతాయి, యాక్సిలరేటర్ తాకినప్పుడే లేపుతాయి. అంటే ఇంజన్ లేవడం, కారు కదలడం ఒకేసారి జరగాలి. కుదుపు ఎక్కువగా అనిపించేది ఇక్కడే. పొడవైన సిగ్నళ్ల దగ్గర ఆటో హోల్డ్ హాయిగా ఉంటుంది. మలుపుల దగ్గర దాన్ని తీసేసి బ్రేకును మీ పాదంతోనే పట్టుకోవడం మంచిది.

ఇంకో రెండు చిన్న ఉపాయాలు. గేరు మీటను స్పోర్ట్ స్థానంలోకి లేదా చేతితో గేర్లు మార్చే స్థానంలోకి తెస్తే చాలా కార్లలో ఇంజన్ ఆగదు. ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్‌ను కాస్త తిప్పితే కొన్నిటిలో ఇంజన్ లేస్తుంది. రెండూ మీ కారులో పని చేస్తాయో లేదో ఆ ఖాళీ స్థలంలోనే చూసుకోండి. బ్రేకును వరుసగా రెండు మూడుసార్లు తొక్కి ఇంజన్‌ను లేపే అలవాటు మాత్రం వద్దు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు అలా తొక్కితే వాక్యూమ్ తగ్గి, పెడల్ గట్టిపడుతుంది.

మీటను ముందే నొక్కండి

పాదం మీద నమ్మకం పెట్టుకోకూడని చోట్లు ఉన్నాయి. ఎదురు వాహనాల మధ్య నుంచి మలుపు తిరగాల్సిన చోటు, వేగంగా సాగే రోడ్డులోకి పక్క నుంచి కలిసే చోటు, గుండ్రని కూడలి, రైలు పట్టాలు, ముందుకూ వెనక్కూ జరుపుతూ కారు నిలిపే చోటు, అంగుళం అంగుళం కదిలే రద్దీ. వీటిని చేరకముందే స్టార్ట్-స్టాప్‌ను ఆపే మీట నొక్కండి. అక్కడికి చేరాక వెతుక్కోవడం ప్రమాదం, ఎందుకంటే ఆ సమయంలో కళ్లు రోడ్డు మీద ఉండాలి. ఆ మీట ఎక్కడ ఉందో చూడకుండా వేలికి తెలిసేదాకా అలవాటు చేసుకోండి. కొన్ని కొత్త కార్లలో దీన్ని తెర మీద రెండు మూడు పేజీల లోపల దాచేశారు. నడుపుతూ తెరలో వెతకాల్సి రావడం తయారీదారుల తప్పు అని గట్టిగా చెబుతాను. మీ కారు అలాంటిదైతే దాన్ని తెర మొదటి పేజీ మీదకు తెచ్చుకునే వీలుందేమో, స్టీరింగ్ మీది మీటకు అప్పగించే వీలుందేమో సెట్టింగులలో వెతకండి.

ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే మీరు నిన్న నొక్కిన సంగతిని చాలా కార్లు మరిచిపోతాయి. ఇది లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. ఇంధన వినియోగం, పొగ ఎంత అని ప్రభుత్వాల పరీక్షలో కొలిచేటప్పుడు, స్టార్ట్ చేయగానే కారు ఏ స్థితిలో ఉంటుందో ఆ స్థితిలోనే కొలుస్తారు. మీ ఇష్టాన్ని గుర్తుపెట్టుకునేలా చేస్తే పరీక్షలో ఆ ఆదా లెక్కకు రాదు. యూరప్‌లో పాత పరీక్ష 1180 సెకన్లు నడిచేది. అందులో దాదాపు నాలుగో వంతు సమయం కారు కదలకుండా నిలిచే ఉండేది. కాబట్టి ఆగినప్పుడు ఇంజన్ ఆపే కారుకు అందులో మంచి అంకెలు వచ్చేవి. 2017 నుంచి దాని స్థానంలోకి వచ్చిన కొత్త పరీక్షలో నిలిచి ఉండే సమయం సుమారు ఎనిమిదో వంతుకు తగ్గింది. అమెరికాలోనైతే ఈ వ్యవస్థ ఉండి తీరాలన్న నిబంధన లేదు, కానీ ఉద్గారాల లెక్కలో దీనికి అదనపు మినహాయింపు దొరికేది. 2025 మేలో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ అధిపతి లీ జెల్డిన్ జనం దీన్ని ద్వేషిస్తున్నారని, దీన్ని సరిచేస్తామని బహిరంగంగా ప్రకటించారు. ఒక మీట మీద డ్రైవర్ల అసహనం అంత దూరం వెళ్లింది.

మీరు చేయగలిగింది ఒక్కటే. సీటు బెల్టు, ఇంజన్, తర్వాత మీట. ఈ మూడింటినీ ఒకే వరుసలో అలవాటు చేసుకోండి. ప్రతి ప్రయాణం మొదట్లోనే ఆపేసి, పొడవైన సిగ్నళ్లున్న దారిలో కావాలంటే మళ్లీ పెట్టుకోవడం నేను ఎంచుకున్న పద్ధతి. రద్దీలో నిలిచే సమయమే ఎక్కువగా ఉన్నవారు దీనికి తిరగేసి కూడా చేయవచ్చు.

దిగేటప్పుడు జాగ్రత్త

దీని గురించి తక్కువ మాట్లాడుకుంటాం, కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఇంజన్ నిశ్శబ్దంగా ఉంది కదా, కారు ఆపేశామనుకుని దిగిపోతాం. నిజానికి అది తాత్కాలికంగానే ఆగి ఉంటుంది. బెల్టు తీసి తలుపు తెరవగానే కొన్ని కార్లు హెచ్చరిక మోగించి పూర్తిగా ఆగిపోతాయి, కొన్నిటిలో ఇంజన్ మళ్లీ లేస్తుంది. తాళం తిప్పకుండా మీట నొక్కి స్టార్ట్ చేసే కార్లలో ఈ పొరపాటు మరీ సులువు. మూసిన గదిలో కారు ఉండి ఇంజన్ లేచిందంటే, వచ్చే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీయగలదు. దానికి రంగూ వాసనా ఉండవు.

కాబట్టి నిలిపాక పార్క్ లేదా న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టార్ట్ మీటతో కారును ఆపి, డ్యాష్‌బోర్డు పూర్తిగా చీకటి అయ్యేదాకా చూసి దిగండి. బానెట్ ఎత్తేముందు కూడా ఇదే నియమం. తాత్కాలికంగా ఆగిన ఇంజన్ దగ్గర చేయి పెట్టకండి. ఇంట్లో ఇంకెవరైనా అదే కారు నడుపుతుంటే వారికీ ఒకసారి చూపించండి.

ఎప్పుడు దాన్ని పనిచేయనివ్వాలి

విసుగును పక్కన పెట్టి లెక్క చూద్దాం. రెండు లీటర్ల పెట్రోలు ఇంజన్ ఉన్న చిన్న కారు ఊరికే నిలబడి నడుస్తుంటే గంటకు సుమారు 0.6 లీటరు తాగుతుంది. అంటే అర నిమిషానికి ఐదు మిల్లీలీటర్లు. మళ్లీ స్టార్ట్ చేయడానికయ్యే ఇంధనం దాదాపు పది సెకన్లు ఊరికే నడిపినదానికి సమానమని అమెరికాలోని అర్గాన్ జాతీయ ప్రయోగశాల పరిశీలనల్లో తేలింది. కాబట్టి పది సెకన్లకు మించి ఆగే ప్రతిచోటా ఇంజన్ ఆపడమే లాభం. నిమిషం రెండు నిమిషాలు నిలిచే సిగ్నళ్లు దారిలో పది ఉంటే తేడా కనబడుతుంది. ఎక్కువగా హైవే మీద తిరిగేవారికి దాదాపు ఏమీ మిగలదు. పొగ సంగతి వేరు. బడి ముందు, ఆసుపత్రి ముందు వరుసగా నిలబడే కార్ల ఇంజన్లు ఆగి ఉండటం అక్కడి గాలి పీల్చేవారికి మేలు. ఆ చోట్లలో నేను మీట ముట్టుకోను.

ఇంజన్ అరిగిపోతుందేమో, స్టార్టర్ కాలిపోతుందేమో అని చాలామంది అడుగుతారు. ఇంజన్‌కు ఎక్కువ నష్టం చేసేది చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయడం. ఈ వ్యవస్థ ఇంజన్ వేడెక్కి, లోపలి భాగాలకు నూనె పట్టి ఉన్నప్పుడే ఆపుతుంది. పైగా ఈ కార్లలో స్టార్టర్, దాని గేరు, ఇంజన్ బేరింగులు ఎన్నో రెట్లు ఎక్కువసార్లు లేవడానికి తగినట్టు తయారవుతాయి. మీ వంతు పని ఒకటే: పుస్తకంలో చెప్పిన గ్రేడు ఇంజన్ ఆయిల్ వాడండి, గడువు దాటకుండా మార్పించండి. టర్బో ఉన్న కారుతో ఘాట్ రోడ్డు ఎక్కి, లేదా చాలాసేపు వేగంగా నడిపి వచ్చి వెంటనే ఆగాల్సి వస్తే, ముందే మీట నొక్కి ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను నడవనివ్వండి. కొత్త కార్లలో టర్బోను చల్లబరిచే ఏర్పాట్లు ఉన్నా ఈ అలవాటు వల్ల నష్టం లేదు.

ఎండలో ఏసీ

ఇంజన్ ఆగితే బెల్టుతో తిరిగే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది. ఫ్యాను మాత్రం తిరుగుతుంది, కాసేపటికి వచ్చేది గోరువెచ్చని గాలే. లోపల వేడి పెరిగిందని గమనించి కారు ఇంజన్‌ను లేపుతుంది. ఇంజన్ ఆగకూడదనుకుంటే ఉష్ణోగ్రతను బాగా తగ్గించండి, లేదా ముందు అద్దం మీది మంచును పోగొట్టే మీట నొక్కండి. ఎక్కువ కార్లలో అది చాలు. చంటిపిల్లలు, వృద్ధులు కారులో ఉన్నప్పుడు నేను ఇంధనం లెక్క చూడను, మొదటే ఆపేస్తాను.

బ్యాటరీని పట్టించుకోండి

నిన్నటిదాకా బాగా పనిచేసిన స్టార్ట్-స్టాప్ కొన్ని వారాలుగా అసలు పనిచేయడం లేదా? చాలామంది పీడ విరగడైందని సంతోషిస్తారు. అది బ్యాటరీ బలహీనపడుతోందని ముందుగా వచ్చిన కబురు కావచ్చు. ఉదయాన్నే కారు స్టార్ట్ కాక నిలబడే రోజుకు ఇంకా కొంత వ్యవధి ఉందని అది చెబుతోంది.

కారు కొన్ని గంటలపాటు కదలకుండా ఉన్నాక మల్టీమీటరుతో బ్యాటరీని కొలవండి. 12.7 వోల్టుల చుట్టుపక్కల ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే దాదాపు ముప్పాతిక. అంతకన్నా తక్కువైతే చాలా కార్లు ఇంజన్‌ను ఆపడం మానేస్తాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో బ్యాటరీ ఎప్పుడూ నిండదు. అలాంటప్పుడు వారానికోసారి గంటసేపు ఆపకుండా నడపండి, లేదా చార్జరుతో రాత్రంతా చార్జి చేయండి. చార్జరు మీద ఏజీఎం అని ప్రత్యేక అమరిక ఉంటే, మీ బ్యాటరీ ఆ రకమైతే (అదేమిటో కింద చెబుతాను) అదే వాడండి. ఇలా నింపినా వోల్టేజీ నిలవకపోతే బ్యాటరీ మార్చాల్సిన రోజు వచ్చినట్టే.

మార్చేటప్పుడు ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. స్టార్ట్-స్టాప్ కార్లకు రెండు రకాల బ్యాటరీలు వస్తాయి. ఏజీఎం బ్యాటరీలో ఆమ్లాన్ని గాజు నార పొరలు పీల్చి పట్టుకుంటాయి. ఈఎఫ్‌బీ అనేది మామూలు బ్యాటరీనే బలపరిచి చేసినది. ఏజీఎం ఉన్నచోట ఏజీఎం మాత్రమే పెట్టండి. ఈఎఫ్‌బీ ఉన్నచోట ఈఎఫ్‌బీ పెట్టవచ్చు, అంతకన్నా మెరుగైన ఏజీఎం కూడా పెట్టవచ్చు. చవకగా వస్తుందని మామూలు బ్యాటరీ పెడితే, రోజుకు పదుల సార్లు ఇంజన్‌ను లేపలేక తొందరగా చచ్చిపోతుంది. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ పెట్టినట్టు స్కానరు ద్వారా కంప్యూటరుకు చెప్పాలి. చెప్పకపోతే అది ఇంకా ముసలి బ్యాటరీయే ఉందనుకుని చార్జింగ్ నడుపుతుంది. పని అప్పగించేముందే మెకానిక్‌ను ఈ రెండు విషయాలూ అడగండి. కొన్ని కార్లలో ఇంకో చిన్న బ్యాటరీ వేరేచోట ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. పెద్దది బాగానే ఉన్నా స్టార్ట్-స్టాప్ హెచ్చరిక వస్తుంటే ఆ చిన్నదాన్ని పరీక్షించమనండి.

వేరే కారు సాయంతో జంప్ స్టార్ట్ చేయాల్సి వస్తే నల్ల తీగను మీ బ్యాటరీ మైనస్ కొసకు తగిలించకండి. దాని మీదే బ్యాటరీని కొలిచే సెన్సరు కూర్చుని ఉంటుంది. పుస్తకంలో చూపిన ఇనుప భాగానికి తగిలించండి.

శాశ్వతంగా తీసేయాలనుకుంటే

ఇంతా చేశాక కూడా వద్దనిపిస్తే రెండు దారులున్నాయి. ఒకటి, మెకానిక్ స్కానరు తగిలించే ఓబీడీ పోర్టు ద్వారా కారు కంప్యూటరులో అమరిక మార్చడం. కొన్ని కార్లలో మీరు చివరిసారి ఎంచుకున్న స్థితిని గుర్తుపెట్టుకునేలా చేయవచ్చు. రెండోది, మీట వెనక అమర్చే చిన్న పరికరం. కారు స్టార్ట్ కాగానే మీ బదులు అదే మీటను నొక్కుతుంది. దాన్ని తీసేస్తే కారు పాత స్థితికి వస్తుంది కాబట్టి రెండిటిలో నాకు ఇదే మేలనిపిస్తుంది. ఏది చేయించినా ముందు వారంటీ పత్రం చదవండి. ఉద్గారాలకు సంబంధించిన అమరికను మార్చడం మీరుండే చోట చట్టబద్ధమేనా అన్నది కూడా తెలుసుకోండి. సర్వీసులో సాఫ్ట్‌వేర్ కొత్తది వేసినప్పుడు మీ మార్పు చెరిగిపోవచ్చు.

బానెట్ సెన్సరు ప్లగ్గు పీకమని, బ్యాటరీ మైనస్ కొస మీది సెన్సరును విడదీయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. బానెట్ తెరిచే ఉందని కారు అనుకుంటే దొంగల అలారం సరిగా పనిచేయదు, నిజంగా బానెట్ ఊడి లేచినా హెచ్చరిక రాదు. బ్యాటరీ సెన్సరు లేకపోతే ఆల్టర్నేటర్‌కు ఎంత చార్జి చేయాలో తెలియదు. ఇంజన్ ఆగకుండా ఉండటం కోసం బ్యాటరీని చేతులారా చంపుకున్నట్టవుతుంది.

కొత్త కారు కొనేముందు

షోరూముకు మధ్యాహ్నం ఖాళీ రోడ్డున్న వేళ కాకుండా రద్దీ సమయంలో వెళ్లండి. ఇంజన్ వేడెక్కేదాకా నడిపిన తర్వాతే స్టార్ట్-స్టాప్ అసలు స్వభావం బయటపడుతుంది కాబట్టి పది నిమిషాల చక్కరుతో సరిపెట్టుకోకండి. కనీసం నాలుగైదు సిగ్నళ్ల దగ్గర ఆగండి. మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి బ్రేకు వేసి చూడండి. ఎదురు వాహనాలున్న మలుపు ఒకటి, వెనక్కి జరుపుతూ నిలపడం ఒకటి చేయండి. ఆపే మీట చేతికి అందుతోందా, తెర లోపల దాక్కుందా చూడండి. కారును పూర్తిగా ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి, మీ ఎంపికను అది గుర్తుంచుకుందో లేదో పరీక్షించండి. అది ఏ బ్యాటరీ మీద నడుస్తుందో, మార్చాలంటే ఎంతవుతుందో అమ్మేవారిని అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోండి.